పెద్దపేగు క్యాన్సర్: పసుపు గోలీలా, లక్ష్మణఫలం ఆకులా, దారుహరిద్రా? ఎవరికి ఏది పనికొస్తుంది

పెద్దపేగులో క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టు వచ్చి వారం తిరగకముందే, ఇంట్లో దవాఖాన ఫైలు పక్కన ఇంకో సంచి తయారవుతుంది. అందులో పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ గోలీల డబ్బా ఒకటి, ఎవరో చుట్టం తెచ్చిచ్చిన లక్ష్మణఫలం ఆకుల పొడి, తిప్పతీగ రసం సీసా, ఒక గ్రీన్ టీ ప్యాకెట్. నల్లగొండలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే మనిషిని కాబట్టి ఆ సంచి నాకు బాగా తెలుసు. "అన్నా, వీటిల్ల ఏది మంచిగ పనిచేస్తది, ఒక్కటే వాడమంటే ఏది వాడాలె" అని అడుగుతారు. అడిగేవాళ్లే నయం, దాచిపెట్టి వాడేవాళ్లతోనే నాకు భయం. అయితే సంచిలో ఏముందో చూసే ముందు పేషెంటు ఇప్పుడు ఏ దశలో ఉన్నారో చెప్పమంటాను.

ఎందుకంటే ఇందులో చాలా రకాల వాళ్లున్నారు. జబ్బేమీ లేదు గానీ నాయనకో అక్కకో వచ్చింది కాబట్టి తనకు రాకుండా ఏదైనా తినాలనుకునేవాళ్లు, కొలనోస్కోపీలో (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) పాలిప్, అంటే పేగు లోపలి గోడకు పుట్టే చిన్న కండ, దొరికి తీయించుకున్నవాళ్లు, ఇప్పుడు కీమో నడుస్తున్నవాళ్లు, ఆపరేషన్ కీమో అన్నీ అయిపోయి మళ్లీ రాకుండా చూసుకునేవాళ్లు, జబ్బు లివర్‌కో ఊపిరితిత్తులకో పాకినవాళ్లు. ఒకరికి ఏ హానీ చేయని పొడి ఇంకొకరిని దవాఖానలో పడేయగలదు. ఇదేమీ అడగకుండా "క్యాన్సర్‌కు ఇది వాడండి" అని ఎవరైనా టకామని చెప్పారంటే ఆ సలహాను అక్కడే వదిలేయండి.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకుందాం. పసుపు క్యాన్సర్ కణాలను చంపుతుందని శాస్త్రవేత్తలే చెప్పారు కదా అంటారు. అది అబద్ధం కాదు. గాజు గిన్నెలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద కర్క్యుమిన్, క్వెర్సెటిన్, రెస్వెరట్రాల్, బెర్బెరిన్ లాంటి మొక్కల పదార్థాలన్నీ పనిచేశాయి. కానీ గిన్నెలో కణానికి మందు నేరుగా తగులుతుంది, మనిషిలో అది కడుపు దాటాలి, పేగు గోడ దాటాలి, లివర్ దాటాలి, ఇంత జరిగాక మిగిలిన పిసరంత గడ్డ దాకా చేరాలి. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేసినవి కూడా మనుషుల దగ్గరికి వచ్చేసరికి చాలావరకు తేలిపోతాయి. అందుకే నేను చూసేది ఒక్కటే: మనుషులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు అసలు మందు, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తి గోలీ ఇచ్చి, ఏం జరిగిందో ఓపిగ్గా లెక్కపెట్టారా లేదా.

పసుపుతోనే మొదలుపెడతాను, అందరూ ముందు అడిగేది అదే. కూరలో వేసే పసుపు వేరు, డబ్బాలో వచ్చే కర్క్యుమిన్ వేరు. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం. 5 గ్రాముల పసుపు తిన్నా ఒంట్లోకి పోయేది 150 మిల్లీగ్రాములే, పరీక్షల్లో వాడింది మాత్రం రోజుకు 2 వేలు, 3 వేలు, 4 వేల మిల్లీగ్రాములు. కాబట్టి పప్పులో వేసే చిటికెడు పసుపు గురించి కీమోలో ఉన్నవాళ్లు కూడా టెన్షన్ పడక్కర్లేదు, ఎప్పటిలాగే తినండి. దానితో గడ్డ కరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

ఇక గోలీల సంగతి. పేగు నిండా వందల కొద్దీ పాలిప్‌లు పుట్టించే వంశపారంపర్య జబ్బు ఒకటుంది, ఎఫ్ఏపీ అంటారు. 2006లో ఐదుగురు ఎఫ్ఏపీ పేషెంట్లకు కర్క్యుమిన్, క్వెర్సెటిన్ కలిపి ఇస్తే పాలిప్‌లు తగ్గాయి. దాన్ని పట్టుకుని చాలా ఆశ పుట్టింది. తర్వాత అదే జబ్బున్న 44 మందిని తీసుకుని, ఉత్తి గోలీ గుంపును పక్కన పెట్టుకుని, రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్ ఏడాది పాటు ఇచ్చి చూస్తే పాలిప్‌ల సంఖ్యలో గానీ సైజులో గానీ తేడా లేదు, అది 2018లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో జబ్బు పాకిన 28 మంది మీద ఇంకో పరీక్ష చేశారు, ఫోల్‌ఫాక్స్ అనే కీమోకు తోడుగా కొందరికి రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే తట్టుకున్నారు, ఎక్కువ కాలం బతికినట్టు కూడా కనిపించింది. నాకు ఇందులో నిజంగానే ఆశ ఉంది, కానీ 28 మందితో ఏదీ రుజువు కాదు, వాళ్లు కూడా డాక్టర్ల కళ్ల ముందు, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడినవాళ్లు.

డబ్బా కొనేముందు వెనక్కి తిప్పి చదవాల్సిన పేరు ఒకటుంది: పైపరిన్. మిరియాల ఘాటు దానిదే. కర్క్యుమిన్ ఒంటికి పట్టదు కాబట్టి కంపెనీలు దీన్ని కలుపుతాయి. 1998లో బెంగళూరులో చేసిన పరీక్షలో 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగింది. ఈ లెక్కనే గొప్పగా చెప్పి అమ్ముతారు. అయితే పైపరిన్ ఈ పని చేసేది లివర్, పేగులు మందులను విరగ్గొట్టి బయటికి పంపే దారిని అడ్డుకుని. కొన్ని కీమో మందులు బయటికి పోయేదీ ఆ దారినే. ఆ దారి మూసుకుంటే కీమో డోసు మనం అనుకున్న దానికంటే ఎక్కువైనట్టే. అదీగాక అమెరికాలో లివర్ దెబ్బతిన్న కేసులను పరిశీలించే డాక్టర్లు పసుపు సప్లిమెంట్ల వల్ల వచ్చినవి 10 కేసులు బయటపెట్టారు. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పసుపే కదా, ఏమైతది అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. నా సలహా: కీమో నడుస్తుంటే కర్క్యుమిన్ గోలీ వద్దు, పైపరిన్ ఉన్నదైతే అసలే వద్దు. కీమో అయిపోయాక వాడాలని మనసు లాగితే మీ క్యాన్సర్ డాక్టర్‌కు చెప్పి, లివర్ టెస్టు చేయించుకుంటూ వాడండి, కామెర్ల లక్షణం ఏది కనిపించినా ఆపేయండి.

"ఇంగ్లిష్ మందు వద్దు, చెట్టు మందే కావాలి" అనేవాళ్లకు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పెద్దపేగు క్యాన్సర్‌కు పనిచేస్తుందని రుజువైన చెట్టు మందు ఉంది, దాని పేరు ఇరినోటెకాన్. ఫోల్‌ఫిరి అనే కీమో పేరు ఫైల్లో రాసుంటే ఆ సెలైన్‌లో ఎక్కించేది అదే. చైనాలో పెరిగే కాంప్టోథెకా అనే చెట్టు నుంచి కాంప్టోథెసిన్ అనే పదార్థాన్ని 1966లో మన్రో వాల్, మన్సుఖ్ వాణి అనే ఇద్దరు విడదీశారు. వాణిగారిది మహారాష్ట్రలోని నందుర్బార్. మన పశ్చిమ కనుమల్లో పెరిగే ఇంకో చెట్టులో కూడా ఇదే పదార్థం ఉంది, దానికోసం ఆ చెట్లను విచ్చలవిడిగా నరికారు. ఆ పదార్థాన్ని సోడియం లవణం రూపంలో ఇచ్చి చూస్తే 1970ల్లో పేషెంట్లకు విపరీతమైన విరేచనాలు, మూత్రంలో రక్తం వచ్చి పరీక్షలు ఆపేయాల్సి వచ్చింది. అణువును కొంచెం మార్చి, డోసు లెక్కకట్టి, అమెరికాలో ఈ క్యాన్సర్‌కు అనుమతి వచ్చేసరికి 1996 అయింది. చెట్టు నుంచి మందు దాకా 30 ఏళ్లు పట్టింది, ఆ 30 ఏళ్ల పని చేయని పొడిని పొట్లం కట్టి మనకు ఇస్తున్నారు. ఇరినోటెకాన్‌తో ఇప్పటికీ విరేచనాలు గట్టిగానే పడతాయి, అందుకే మొదటి సైకిల్ అప్పుడే లోపరమైడ్ గోలీలు రాసిస్తారు. ఆ గోలీలు ఇంట్లో ఉండాలి, ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో చీటీ మీద రాయించుకోవాలి, రాత్రి 2 గంటలకు మొదలైతే షాపులు తెరిచి ఉండవు.

ఆస్పిరిన్‌ను కూడా ఈ వరుసలోనే పెడతాను. విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ నుంచి మొదలైన కథే అది, ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఇన్నింటిలో మనుషుల మీద బాగా నిలబడింది ఇదే, అదీ అందరికీ కాదు. లించ్ సిండ్రోమ్ అని ఒకే కుటుంబంలో చిన్న వయసులోనే పేగు, గర్భసంచి క్యాన్సర్లు వచ్చే జన్యులోపం ఉంది. అలాంటి 861 మందిలో కొందరికి రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ సగటున రెండేళ్లకు పైగా ఇచ్చి, ఏళ్ల తరబడి గమనించి 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం పేగు క్యాన్సర్ ఆస్పిరిన్ గుంపులో 9 శాతం మందికి, ఉత్తి గోలీ గుంపులో 13 శాతం మందికి వచ్చింది. ఇంకోటి 2025లో వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లలో గడ్డకు జన్యు పరీక్ష చేసి, పిఐకె3సిఎ అనే జన్యువులో ఒక రకం మార్పు ఉన్నవాళ్లకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మూడేళ్లు ఇస్తే, జబ్బు తిరగబెట్టడం 14.1 శాతం నుంచి 7.7 శాతానికి, అంటే దాదాపు సగానికి తగ్గింది. స్వీడన్, దాని చుట్టుపక్కల దేశాల్లో చేసిన పరీక్ష ఇది.

ఇది చదివి షాపుకొచ్చి ఆస్పిరిన్ షీటు అడగొద్దు. జన్యుమార్పు ఏమీ చూడకుండా ఆపరేషన్ అయినవాళ్లందరికీ రోజుకు 200 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఇంకో పెద్ద పరీక్షలో లాభం కనిపించలేదు. 70 దాటిన ఆరోగ్యవంతులకు రోజూ ఇస్తే క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా కొంత పెరిగాయి, రక్తస్రావం ఎక్కువైంది. కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఆస్పిరిన్ వేసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మీరు చేయాల్సింది ఆపరేషన్ అయ్యాక డాక్టర్‌ను రెండు మాటలు అడగడం: గడ్డకు ఎంఎంఆర్ పరీక్ష చేశారా, పిఐకె3సిఎ చూస్తారా? మొదటిది లించ్ అనుమానాన్ని పట్టిస్తుంది, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని జబ్బు మీదికి ఉసిగొల్పే చికిత్స) పనికొస్తుందో లేదో కూడా దాన్నిబట్టే చెబుతారు. నాకైతే సంచిలో ఉన్న సరుకంతటి కంటే ఈ రెండు ప్రశ్నలే విలువైనవిగా అనిపిస్తాయి.

పాలిప్ తీయించుకున్నవాళ్ల విషయానికి వస్తే బెర్బెరిన్ పేరు చెప్పాలి. ఆయుర్వేదంలో వాడే దారుహరిద్రలో ఉండే పసుపుపచ్చ పదార్థం ఇది. చైనాలో పాలిప్ తీసేసిన 1,100 మందికి పైగా పేషెంట్లలో సగం మందికి రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, రెండేళ్ల దాకా చూశారు. పాలిప్‌లు మళ్లీ పుట్టింది బెర్బెరిన్ గుంపులో 36 శాతం మందిలో, ఉత్తి గోలీ గుంపులో 47 శాతం మందిలో. 2020లో వచ్చిన ఈ ఫలితం నాకు గట్టిదిగానే కనిపిస్తుంది, కానీ దీన్ని చదివేటప్పుడు మూడు విషయాలు మర్చిపోవద్దు. అది పాలిప్ గురించి, క్యాన్సర్ గడ్డ గురించి కాదు. వాడింది కొలిచిన బెర్బెరిన్, దారుహరిద్ర చూర్ణం కాదు, చూర్ణంలో ఎంత ఉందో పొట్లం కట్టిన మనిషికీ తెలియదు. షుగర్ గోలీలు వేసుకునేవాళ్లకు బెర్బెరిన్ వల్ల షుగర్ ఇంకా కిందికి పోతుంది. ఇక గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికే వెళ్లకూడదు. డాక్టర్ సరే అంటే పాలిప్ వాళ్లు ఆలోచించదగిన మందు ఇది, కానీ మూడేళ్లకో ఐదేళ్లకో మళ్లీ చేయించుకోమన్న కొలనోస్కోపీకి బదులు మాత్రం కాదు.

గ్రీన్ టీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. జర్మనీలో పాలిప్ తీయించుకున్నవాళ్లకు గ్రీన్ టీ సారం మూడేళ్లు ఇస్తే పాలిప్‌లు మళ్లీ పుట్టింది 51.1 శాతం మందిలో, ఉత్తి గోలీ గుంపులో 55.7 శాతం మందిలో, ఆ తేడా లెక్కల పరీక్షకు నిలబడలేదు. ఇష్టమైతే కప్పులో తాగండి, క్యాప్సూల్ వద్దు, దానితోనూ లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి.

లక్ష్మణఫలం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలం పేరు తెలియనివాళ్లు ఉండరు, లక్ష్మణఫలం దానికి చుట్టమే కాబట్టి జనానికి నమ్మకం ఇట్టే కుదురుతుంది. కీమో కంటే 10 వేల రెట్లు బలమైనదని ఒక మెసేజ్ ఏళ్లుగా తిరుగుతోంది. ఆ మాటకు మూలం గాజు గిన్నెలో చేసిన పని, మనుషుల్లో గడ్డను తగ్గించినట్టు నిలబడిన పరీక్ష ఒక్కటీ లేదు. ఈ ఆకుల్లో, గింజల్లో అనోనాసిన్ అనే పదార్థం ఉంది, అది నరాల కణాలను దెబ్బతీస్తుంది. కరీబియన్ దీవుల్లోని గ్వాడెలూప్‌లో ఈ పండు, ఆకుల టీ ఎక్కువగా వాడేవాళ్లలో మామూలు మందుకు లొంగని పార్కిన్సన్ లాంటి వణుకుడు జబ్బు ఎక్కువగా ఉందని 1999లోనే డాక్టర్లు రాశారు. ఇప్పటికే ఆక్సాలిప్లాటిన్ కీమో వల్ల వేళ్లు తిమ్మిరెక్కి, చల్లనీళ్ల గ్లాసు పట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉలిక్కిపడే మనిషికి నరాల మీద పనిచేసే ఇంకో విషాన్ని రోజూ కషాయంగా తాగించడం ఎంత అన్యాయమో ఆలోచించండి. సీతాఫలం పండు తినండి, చక్కగా తినండి. గింజల పొడి మాత్రం కంట్లో పడితేనే కన్ను పుండవుతుంది, అది నోట్లోకి పోయే వస్తువు కాదు.

తిప్పతీగ కరోనా కాలంలో ఇంటింటికీ చేరింది. దాన్ని వాడి లివర్ దెబ్బతిన్న 43 మంది కేసులను మన దేశంలోనే 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 2022లో ప్రచురించారు. కీమోకు లివర్ బాగుండాలి, కాబట్టి వద్దు. ఆప్రికాట్ గింజలు, విటమిన్ బి17 అని అమ్మేది అసలు విటమినే కాదు, అందులోంచి సైనైడ్ పుడుతుంది. 1982లో 178 మంది మీద చూసి పనిచేయదని తేల్చేశారు. కడుపు శుభ్రం చేస్తామని సునాముఖి కలిపి ఇచ్చే చూర్ణాలు కేపసైటబిన్ అనే కీమో గోలీలు వాడేవాళ్లకు అస్సలు వద్దు, ఆ గోలీలకే విరేచనాలు అవుతుంటాయి. కేపసైటబిన్ వాడేటప్పుడు ఫోలిక్ యాసిడ్ ఉన్న బలం గోలీలు కూడా సొంతంగా వేసుకోవద్దు, దుష్ఫలితాలు పెరుగుతాయి.

కీమో రోజుల్లో నేను సంతోషంగా సరే అనేది అల్లం. 576 మంది మీద చేసిన పరీక్షలో వాంతి గోలీలకు తోడుగా అర గ్రాము నుంచి గ్రాము అల్లం రోజూ తీసుకున్నవాళ్లకు కడుపులో తిప్పడం తగ్గింది. అది గడ్డ మీద పనిచేయదు, నాలుగు ముద్దలు లోపలికి పోనిస్తుంది, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అల్లం చాయ్ కాచి కాస్త గోరువెచ్చగా ఇవ్వండి, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని చెప్పినప్పుడు మాత్రం ఆపండి.

తిండి విషయంలో మన ప్రాంతం అదృష్టమే. జొన్న రొట్టె, గట్క, పప్పు, పుంటికూర, తోటకూర తినే ఇంట్లో పీచు కొనుక్కోవాల్సిన పని లేదు. తృణధాన్యాలు ఎక్కువ తినేవాళ్లలో పేగు క్యాన్సర్ తక్కువని, వేటమాంసం, మద్యం పెరిగితే ముప్పు పెరుగుతుందని చాలా దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఇది జబ్బు రాకుండా చూసుకునేవాళ్లకు. గడ్డ వల్ల పేగు సన్నబడినవాళ్లకు, ఆపరేషన్ అయిన కొత్తలో, కీమో విరేచనాల్లో ఇదే జొన్న రొట్టె ఇబ్బంది పెడుతుంది, అప్పుడు మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండే మేలు.

చికిత్స అంతా అయిపోయి, మళ్లీ రాకుండా ఏదో ఒకటి చేయాలని తపించేవాళ్లకు నేను గోలీ డబ్బా కన్నా ముందు చెప్పేది నడక. 2025లో వచ్చిన ఒక పరీక్షలో కీమో ముగించిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ పేషెంట్లలో సగం మందికి కోచ్‌ను పెట్టి మూడేళ్లు వ్యాయామం చేయించారు, మిగతా వాళ్లకు పుస్తకం ఇచ్చి పంపారు. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు వ్యాయామం గుంపులో 90.3 శాతం, రెండో గుంపులో 83.2 శాతం. కర్క్యుమిన్, గ్రీన్ టీ ఏదీ ఇంత పెద్ద పరీక్షలో ఇలాంటి లెక్క చూపలేదు. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో వారానికి మూడు నాలుగు రోజులు ముప్పావు గంట చురుగ్గా నడిస్తే దాదాపు ఆ మోతాదు అయిపోతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. నెలనెలా ఈ డబ్బాల మీద పెట్టే ఖర్చు ఆటో, బస్సు, రూము కిరాయిలకు ఉంచుకోండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, క్యాన్సర్ చికిత్స అందులో ఉంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. చెట్టు మందుల్లాంటి రుజువు లేని వైద్యం మీదే ఉండి ఆపరేషన్, కీమో వదిలేసినవాళ్ల లెక్క అమెరికాలో తీస్తే, పెద్దపేగు క్యాన్సర్‌లో చనిపోయే ముప్పు మామూలు వైద్యం తీసుకున్నవాళ్ల కంటే నాలుగున్నర రెట్లు ఉంది. జబ్బు బాగా పాకి, కీమో ఇక చాలు అని డాక్టర్లే అన్న ఇంట్లో మాత్రం నేను ఎవరినీ వాదించి నొప్పించను. అక్కడ హాని లేనిది, నోటికి రుచించేది ఏదైనా ఇవ్వొచ్చు, నొప్పికి మార్ఫిన్ రాసే పాలియేటివ్ కేర్ డాక్టర్‌ను తప్పకుండా కలవండి.

చివరిగా, ఇంకా ఏ రిపోర్టూ లేనివాళ్లకు. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని, పైల్స్ బోర్డు పెట్టినవాళ్ల దగ్గర లేపనాలు, సూదులు, పొడులతో నెలలు గడిపి, తీరా గడ్డ పెరిగాక హైదరాబాద్ వెళ్లేవాళ్లను మా దగ్గర చాలామందిని చూస్తాం. తొందరగా పట్టుకుంటే పదిమందిలో తొమ్మిది మంది దాకా ఐదేళ్లు దాటే జబ్బు ఇది. రక్తం రెండు మూడు వారాలు పడుతున్నా, మలవిసర్జన అలవాటు మారినా, కారణం లేకుండా రక్తం తగ్గి నీరసమొచ్చినా, బరువు తగ్గినా, వయసు ఎంతైనా సరే సర్జన్ దగ్గరికో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికో వెళ్లి వేలితో పరీక్ష చేయించుకుని కొలనోస్కోపీ రాయించుకోండి. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే లక్షణాల కోసం ఆగొద్దు, 40 ఏళ్లకు గానీ, వాళ్లకు వచ్చిన వయసు కన్నా పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు చేయించుకోండి.